విష్ణు సేట్‌కు పెట్టిన పేఢా

ఏప్రిల్ 21, సోమవారం

నా కొడుకు వీరేష్ సార్ అవుతాడు. ఇంకోసారి రాస్తాను. నా కొడుకు వీరేష్ సార్ అవుతాడు! మనవరాలు మయూరి నిరుటి నోటుబుక్కులో మిగిలిన కాగితాలు ఎందుకు దాచుకున్నానో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇందుకే కాబోలు.

పొద్దున పదిన్నరకు ఫోనులో కొత్త సార్ల జాబితా వచ్చింది. కోడలు ప్రాజక్త వేలు పెట్టి చూపించింది. ఈ మరాఠీ ఊళ్లో మన నేతవాళ్ల పిల్లల కోసం పెట్టిన దాజీ పేట్ తెలుగు బడి. నేను అయిదో తరగతి దాకా చదివిన బడి! ఏ బడి వచ్చినా సంతోషమే, కానీ ఆ బడే రావడం ఏమిటి! మే ముప్పై ఒకటిలోగా వెళ్లి సంతకం పెడితే చాలు, జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి కొలువు.

వాడికి ముప్పై ఏడేళ్లు. పన్నెండో తరగతి అయ్యాక డి.ఎడ్. చేశాడు. అప్పుడు ఎక్కడా భర్తీ లేదు. నేను పనిచేసే విష్ణు సేట్ నేత కార్ఖానాలోనే నక్షాల పనికి కుదిరాడు. చద్దర్ దుప్పట్ల మీద నెమళ్లు, పూలు, అంచులు కంప్యూటర్‌లో గీయాలి, దాని ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించాలి. రెండేళ్లు అనుకున్నది పద్నాలుగేళ్లయింది. పోయిన ఏడాది సార్ల పరీక్షకు ఫారం నేనే నింపించాను. "చూద్దాం బాపూ" అన్నాడు. చూశాం కదా మరి!

సాయంత్రం వాడు కార్ఖానా నుంచి రాగానే గుమ్మంలోనే కావలించుకున్నాను.

"అరె, ఆగు బాపూ, చెమట వట్టింది."

"సార్‌కు చెమట వడితే అత్తరే గదరా!"

నా భార్య చంద్రభాగ బీడీలు చుడుతూ తల కూడా ఎత్తలేదు. "వాడు ఇంకా హౌ అనలే, మయూరి తాతా. నువ్వేమో ఊరేగింపు తీస్తున్నవు."

హౌ అనకుండా ఉంటాడా? సార్ కొలువు వస్తే సరే అనకుండా ఎవడైనా ఉంటాడా?

ఏప్రిల్ 22

వీరేష్ సార్. రాసి చూస్తే ఎంత బాగుంది.

ఏప్రిల్ 24, గురువారం

ఆ బడిలో మా సార్ పేరు గుర్తు రావడం లేదు. సిగ్గుచేటు. మొహం గుర్తుంది, చంకలో గొడుగు గుర్తుంది.

నేను బడి మానేసిన నెలలో ఆయన మా నాయన పనిచేసే చోటికే వచ్చాడు. నాకు పదకొండేళ్లు, దారం కండెలు చుడుతున్నాను. ఆయన నాయన చెవి దగ్గర నోరు పెట్టి, "పోరగాన్ని బడికి పంపు, తెలివిగల్లోడు" అన్నాడు. నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి. నాయన తల ఊపాడు. అటా ఇటా అర్థం కాలేదు. వినబడలేదో, వినలేదో. సార్ కాసేపు నిలబడి గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నలభై తొమ్మిదేళ్లు నేను మగ్గం దగ్గరే ఉన్నాను. చెవులు దానికే ఇచ్చేశాను. చెవులు పోతేనేం, కార్ఖానాలో ఎవరి చెవులు పనిచేశాయి? ఆ మోతలో అందరం పెదాలే చదివేవాళ్లం. నాతో నేసే నరసయ్య ఎనిమిది మగ్గాల అవతల నుంచి సేట్ మీద జోకు వేస్తే నేను ఇవతల కడుపు పట్టుకునేవాణ్ని. సేట్ మా మధ్య నిలబడే ఉండేవాడు, ఏమీ తెలిసేది కాదు.

ఇప్పుడు నా కొడుకు ఆ బడిలో సుద్దముక్క పట్టుకుంటాడు. నిశ్శబ్దంగా ఉండే గదిలో. వాడి మాట అందరూ వింటారు. ఇంతకంటే ఏం కావాలి?

ఏప్రిల్ 27, ఆదివారం

ఇంట్లో మటన్ వండించాను. నేనే తెచ్చాను, తొడ మాంసం.

తింటూ వీరేష్ అన్నాడు: "బాపూ, నన్ను జర సోంచాయించుకోనియ్యి. ఆ బడిల పిల్లలే లేరు. తరగతికి పది మంది, పన్నెండు మంది. ఎండాకాలం ఇల్లిల్లూ తిరిగి పిల్లలను అడుక్కోవాలె. మనోళ్లే మన బడికి పంపుతలేరు. మన మయూరి యాడ చదువుతున్నది?"

మయూరి ఇంగ్లీషు బడిలో చదువుతోంది. చేర్పించింది నేనే.

"నువ్వు చేరితె పిల్లలు వాళ్లే వస్తరు" అన్నాను.

ప్రాజక్త నా కంచంలో ఇంకో ముక్క వేస్తూ, "మామా, ఆయనకు ఇష్టమున్నదా లేదా అని ఒక్కపారన్న అడిగిండ్రా?" అంది.

"ఇష్టం లేకుంటె పరీక్ష ఎందుకు రాస్తడమ్మా?"

వీరేష్ చెయ్యి కడుక్కున్నాక ఫోను తెచ్చి కొత్త నక్షా చూపించాడు. రెండు నెలలుగా దాని మీదే ఉన్నాడట. రెండే రంగుల దారంతో మూడో రంగు కనబడేలా చేశాడట. ఎట్లా చేశాడో చెబుతూనే ఉన్నాడు, చేతులు గాల్లో తిప్పుతూ. ఏదో బాగుంది. నేను సరిగ్గా చూడలేదు. బడికి వేసుకుపోవడానికి వాడికి మంచి చొక్కాలు ఎన్ని ఉన్నాయా అని ఆలోచిస్తున్నాను.

మే 2, శుక్రవారం

కార్ఖానాకు వెళ్లాను, ఊరికే. పని మానేసి ఎనిమిదేళ్లయినా ఆ మోత వింటే కాళ్లు వాటంతట అవే లోపలికి నడుస్తాయి.

వీరేష్ నక్షాల గది అద్దాల్లోంచి కనిపించాడు. నరసయ్య భోజనం డబ్బా పట్టుకుని లోపల వాడి ముందు నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. నా కళ్లద్దాలకు దూది పట్టింది. సరిగ్గా కనిపించలేదు. ఏదో పని మాట అయి ఉంటుంది.

లోపలికి వెళ్లలేదు. అక్కడి నుంచి నేరుగా కొంతం చౌక్ మిఠాయి దుకాణానికి వెళ్లి కిలో కోవా పేఢాలు తెచ్చాను.

మే 3, శనివారం

ఈ రోజు నా జన్మ తరించింది! విష్ణు సేట్ చేతిలో పేఢా పెట్టాను. వీరేష్ అట్టలు కొట్టించడానికి బయటికి వెళ్లిన వేళ చూసుకునే వెళ్లాను. చూసుకుని ఏముంది, అలా కుదిరింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన దగ్గర నేశాను. ఏనాడూ కుర్చీ చూపించలేదు. ఈ రోజు చూపించాడు.

"ఏంది సిద్ధరాములూ, ఏం విశేషం?"

"నా కొడుకు సార్ అయిండు సేట్. దాజీ పేట్ బళ్ల."

"అరె వా! చాంగ్లా ఝాలా, మంచిదైంది!" అని చెయ్యి చాపాడు. మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వీరేష్ ఏడి? వాడు పెట్టాలె గదా. నువ్వు తెచ్చినవేంది?"

మా కార్ఖానాల్లో రాజీనామా కాగితం ఎవడు రాశాడు? పని వదిలేవాడు సేట్ చేతిలో తీపి పెడతాడు, సేట్ తింటాడు, అయిపోయింది. మర్నాడు ఆ చోట ఇంకొకడు నిలబడతాడు. ఎనిమిదేళ్ల కింద నేనూ అట్లాగే పెట్టి బయటికి వచ్చాను.

"వానికి మొహమాటం సేట్. మీ ఉప్పు తిన్నోడు, మీ ముంగట ఎట్ల చెప్తడు? తండ్రి పెడితే కొడుకు పెట్టినట్టే."

సేట్ నా మొహం కొంచెంసేపు చూశాడు. తర్వాత పేఢా తిన్నాడు.

ఇందులో అబద్ధం ఏముంది? వీరేష్‌కు మొహమాటం నిజం. సేట్ ఉప్పు తిన్నది నిజం. వచ్చేటప్పుడు వాడకట్టంతా పంచుకుంటూ వచ్చాను. పక్కింటి బాలమణి రెండు తీసుకుంది. "ఇగ నుంచి మీ ఇంటికి రావాలంటె చెప్పులు విడిచి రావాలె అన్నా" అంది. ఎంత మంచి మాట!

మే 9, శుక్రవారం

మధ్యాహ్నం రెండింటికే వీరేష్ ఇంటికి వచ్చాడు. డబ్బా మూత తీయలేదు. వాడి కుర్చీలో రుషికేశ్ అని ఇరవై నాలుగేళ్ల కుర్రవాడిని కూర్చోబెట్టారట.

"బాపూ, నువ్వు సేట్‌కు పేఢా పెట్టినవా?"

"సంతోషంతోని పెట్టిన బిడ్డా."

"దాని మతలబేందో నీకు తెల్వదా? నలభై తొమ్మిదేండ్లు కార్ఖానాల ఉన్నోనికి తెల్వదా?"

"సంతోషంతోని..."

"నేను సేట్‌ను అడిగిన. ఏమన్నడో ఎరికేనా? 'పేఢా తిన్న నోటితోని మల్ల రమ్మని ఎట్ల అంటరా వీరేషూ? ఆ పోరనికి జబాన్ ఇచ్చిన, మాట తప్పను' అన్నడు. పద్నాలుగేండ్లు బాపూ. ఒక్క పేఢా!"

"ఆ మోతల నుంచి బయట పడ్డవు. దేవుడు..."

"నేనుండేది అద్దాల గదిల! మోత నీది, నాది గాదు!" అని అరిచాడు. మయూరి లోపలి నుంచి వచ్చి నిలబడింది. అప్పుడు గొంతు తగ్గించి, "మన పనంటె నీకు గంత సిగ్గా బాపూ?" అన్నాడు.

మయూరిని లోపలికి పొమ్మన్నాను.

మే 10

నేను తప్పేమీ చేయలేదు.

మే 11

నేను తప్పేమీ చేయలేదు. ఈ రోజు కూడా ముగ్గురు వచ్చి సార్ తండ్రీ అని పిలిచారు. చాలా సంతోషంగా ఉంది.

మే 15, గురువారం

వీరేష్ వారం రోజులుగా వేరే కార్ఖానాలు తిరుగుతున్నాడు, నక్షా పని కోసం. అక్కల్‌కోట్ రోడ్డంతా తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా, "సార్ అయితున్నవట గదా, ఇంక నక్షాలెందుకు?" అని చాయ్ తాగించి పంపుతున్నారట. నేను పంచిన పేఢాలు మా నీలం నగర్ దాటి అంత దూరం వెళ్లాయి.

చంద్రభాగ బీడీ ఆకు కత్తిరిస్తూ అంది: "పెండ్లయినప్పటి సంది చూస్తున్న. నీకు సంతోషమైతె ఇంట్ల ఎవలకో ఒకలకు ఏడుపొస్తది."

"నేనేం నా కోసం చేసిన్నా?"

"మరి ఎవల కోసం? చెప్పు. వాని పేరు జెప్పకు."

ఆమె నాలుగు ఆకులు కత్తిరించే దాకా ఎదురుచూసి, "అన్నం పెడుతున్న, లే" అంది.

మే 18, ఆదివారం

నరసయ్య వచ్చాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, ఒక మాట అడుగుత. నువ్వు ఆ దినం అద్దం బయట నిలవడ్డవు. నేను ఎనకకు తిరిగి చూసిన."

"నిలవడ్డ. కండ్లద్దాలకు దూది వట్టి..."

"థూ నీ యవ్వ!" అన్నాడు. నవ్వుతూ తిట్టే తిట్టు అది, ఈసారి నవ్వలేదు. "ఎనిమిది మగ్గాల అవతల నుంచి నేను జోకు వేస్తె కింద వడి నవ్వినోనివి. పది అడుగుల దూరంల నీ కొడుకు పెదాలు చదవలేదని నాతోనంటవా? నాతోన?"

చాయ్ తెమ్మని లోపలికి కేక వేశాను. వాడు చాయ్ వచ్చేలోగా లేచి వెళ్లిపోయాడు.

మే 19, సోమవారం

రాస్తాను. ఈ కాగితం ఎవరూ చూడరు కదా.

ఆ రోజు కళ్లద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. గేటు దగ్గరే పంచె అంచుతో తుడుచుకున్నాను. ప్రతి మాటా చదివాను. వీరేష్ అన్నది ఇది: "నేను పోను నరసన్నా. నాకు ఈ పనే మంచిగున్నది. బాపుకు ఎట్ల చెప్పాలెనో సమజైతలేదు. ఆయన సంతోషం చూస్తె నోరు లేస్తలేదు."

చదివాను. చదివి కొంతం చౌక్ వెళ్లాను. పేఢాల దుకాణం వాడు పావుకిలోనా అరకిలోనా అని అడిగితే కిలో అన్నాను. తెలిసే అన్నాను.

మే 23, శుక్రవారం

విష్ణు సేట్ దగ్గరికి వెళ్లాను. ఈసారి కుర్చీ చూపించినా కూర్చోలేదు. తప్పు నాదని, వీరేష్‌కు ఏమీ తెలియదని, అబద్ధమాడానని చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయనను ఏదీ అడగలేదు, ఈ ఒక్కటి అడుగుతున్నానని చెప్పాను.

సేట్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "సిద్ధరాములూ, నువ్వు పెడితివి, నేను తింటిని. ఆ రుషికేశ్ తండ్రి కూడ వచ్చి నాకు దండం పెట్టి పోయిండు. వాన్ని ఏమని తోలెయ్యాలె?" అన్నాడు. బయటి దాకా వచ్చి, "వీరేష్ లాంటి చెయ్యి నాకు మల్ల దొరకదు. నువ్వు ఎన్నడన్న వాని నక్షా చూసినవా?" అని అడిగాడు.

చూశానన్నాను.

వస్తూ మగ్గాల మధ్య నుంచి నడిచాను. ఒక మగ్గం మీద వాడు చెప్పిన చద్దర్ సగం దాకా దిగింది. ఎరుపు, నీలం, రెండే దారాలు. దూరం నుంచి చూస్తే మధ్యలో పండిన నేరేడు రంగు. దగ్గరికి వెళితే లేదు. వెనక్కి జరిగితే మళ్లీ ఉంది. నలభై తొమ్మిదేళ్లు నేశాను, ఇటువంటిది నా చేతి కింది నుంచి ఎన్నడూ పోలేదు. ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు జరిగానో. మగ్గం నడిపే అతను నన్ను చూసి పెదాలతో అడిగాడు: ఎవరు కావాలె తాతా?

మే 31, శనివారం

ఈ రోజే ఆఖరు. వీరేష్ పొద్దున స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకున్నాడు. మూడు వారాల తర్వాత నా అంతట నేనే వాడి ముందుకు వెళ్లాను.

"సంతకం పెట్టకు బిడ్డా. నీకు వద్దంటె వద్దు. వేరే ఊర్ల నక్షా పని చూసుకుందాం. ఇచల్‌కరంజి పో, భివండి పో. నేను వాడకట్టుల అందరికి చెప్పుకుంట, నా తప్పని."

"ఇప్పుడు వద్దంటున్నవా?" అని చొక్కా గుండీ పెట్టుకుంటూనే ఉన్నాడు. "మయూరి బడి, అవ్వ మోకాళ్లు, నీ దగ్గు, ఇవన్ని మూట గట్టుకుని భివండి పోవాల్నా?"

అప్పుడు చెప్పేశాను. అద్దం బయట నిలబడ్డానని, చదివానని, చదివే పేఢాలు కొన్నానని. చెబుతూ నేల చూస్తున్నాను.

వాడు మాట్లాడుతున్నాడేమోనని తల ఎత్తాను. నేను తల ఎత్తే దాకా ఆగాడు. తర్వాత నా చెవి దగ్గరికి రాకుండా, గొంతు ఎత్తకుండా, పెదాలతో మెల్లగా చెప్పాడు.

"నాకు ఎరికే. నువ్వు గేటు లోపలికి వస్తుంటెనే చూసిన. నీ ముంగట నిలవడి చెప్పే ధైర్యం లేదు నాకు. అందుకే నరసన్నను లోపటికి పిలిచి, నీ దిక్కు మొకం పెట్టి చెప్పిన. నరసన్నకు గాదు బాపూ. నీకే చెప్పిన."

సంచీ తీసుకుని వెళ్లాడు. పదకొండింటికి సంతకం పెట్టాడని ప్రాజక్త చెప్పింది.

జూన్ 1

ఏమీ రాయడానికి లేదు.

జూన్ 8, ఆదివారం

ఎండలో వీరేష్ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు, పిల్లల కోసం. నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. నిన్న ఒకరి గుమ్మంలో, "సార్, మీ బిడ్డ ఏ బడి?" అని అడిగారట. ప్రాజక్త చెబుతుంటే విన్నాను. వాడు నాకు ఏమీ చెప్పడు. ఏమైనా అడిగితే "మంచిదే" అంటాడు. మర్యాదగానే అంటాడు.

జూన్ 16, సోమవారం

బడి తెరిచారు. నేను దాజీ పేట్ వెళ్లలేదు. గేటు దగ్గర నిలబడి చూడాలని ఎన్ని రోజులు అనుకున్నానో! వెళ్లలేదు. పొద్దున వాడు బయలుదేరుతుంటే చంద్రభాగ మంచి శకునమని వాడి చేతిలో పెరుగు పోసింది. నేను గోడ పక్కన నిలబడ్డాను. వాడు నా కాళ్లకు దండం పెట్టాడు. అది కూడా మర్యాదే.

అయిదున్నరకు వచ్చాడు. చొక్కా మీద సుద్ద పడింది. నీళ్లు ఇచ్చాను.

"పిల్లలు ఎట్లున్నరు బిడ్డా?"

"మంచిగున్నరు. పదమూడు మంది."

"చదువుతరా?"

"చదువుతరు."

"నిన్ను ఏమన్న అడిగిండ్రా?"

నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. "ఒక పిల్ల అడిగింది. సార్, మీరు ఇంతకుముందు ఏం పని చేసేటోళ్లు అని."

"నువ్వేం చెప్పినవు?"

"'ఏం లేదు' అని చెప్పిన."

కోపంగా అనలేదు. నా వైపు చూసి, నాకు బాగా కనిపించేట్టు అన్నాడు. తర్వాత కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

ఆ పిల్ల తండ్రి ఏ కార్ఖానాలో ఉన్నాడో, ఎన్ని మగ్గాల మీద ఉన్నాడో అడగాలనుకున్నాను. అడగలేదు. తన ఇంట్లో ఉన్న పనికి 'ఏం లేదు' అన్న పేరు కూడా ఉంటుందని ఆ పిల్ల ఈ రోజు నేర్చుకుని ఉంటుంది. మొదటి పాఠం. నా కొడుకు దగ్గర నేర్చుకుంది. వాడు నా దగ్గర నేర్చుకున్నాడు.

అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. బాలమణి నీళ్ల బిందెతో పోతూ ఆగింది. "అన్నా, సార్ వచ్చిండా?" అంది.

వచ్చిండు అన్నాను. నవ్వుతూనే అన్నాను.